మా బిడ్డ దోమలను నేనే పారబోసిన

మా స్రవంతి ప్రాజెక్టుకు కాలేజిల ఫస్ట్ వచ్చిందని మొన్న మీ అందరికి స్వీట్లు పంచిన గదా? అందరు "బిడ్డ మస్తు తెలివిగలది" అన్నరు. నిజమే, కష్టమంత దానిదే, కాదనను. కని గా ప్రాజెక్టును నిండ ముంచింది నేను, మళ్ల లేపింది గూడ నేనే! ఇన్ని దినాలు మీకెవ్వలకు చెప్పలే. ఇయ్యాల చాయ్ కాడ కూసున్నం గద, చెప్త. కప్పులు జర కింద పెట్టున్రి, మీద పోసుకుంటరు.

నేను పదిహేనేండ్ల సంది బాన్సువాడల ఏఎన్ఎం గ చేస్తున్న. సూదులు, గోలీలు, బాలింతలు అన్ని చూస్త. కని నాకు పేరొచ్చింది మాత్రం దోమల కాడ. ప్రతి శుక్రవారం డ్రై డే ఉంటది, ఇల్లిల్లు తిరిగి నిల్వున్న నీళ్లన్ని పారబోయించుడు. గోలెం గాని, డ్రమ్ము గాని, కూలర్ గాని, పూలకుండి కింద పళ్లెం గాని, నీళ్లు కనవడితె నా చేతులు ఊకుండయి. ఎత్తుడు, బోర్లేసుడు. ఇంటోళ్లు ఇంట్ల ఉన్నరా లేరా అని గూడ చూడ. మా ఆయనకు బస్టాండు కాడ మోటర్ వైండింగ్ దుకాణం ఉన్నది. మనిషికి మాట తక్వ, ఎకసెక్కం ఎక్వ. "నీ ముంగట చాయ్ పెట్టాలన్నా భయమే, పారబోస్తవని" అంటడు.

స్రవంతి నిజామాబాద్ల ఎమ్మెస్సీ జువాలజీ, ఆఖరి సెమిస్టర్. రోజు బస్సుల పోయి వస్తది. ఒకదినం వచ్చి, "అమ్మా, నా ప్రాజెక్టు బ్యాక్టీరియా మీద. డాబా మీది చిన్న రూమ్ నాకియ్యి. లోపలికి ఎవ్వలు రావద్దు, మొత్తం క్లీన్ గుండాలె" అన్నది. క్లీన్ అన్న మాట ఇంటె నాకు పానం లేచొస్తది! తాళంచెవి దాని చేతిల పెట్టిన. అది బ్యాక్టీరియా అని చెప్పింది గని, దోమ కడుపులుండే బ్యాక్టీరియా అని చెప్పలే. గా దోమలను మా ఇంట్లనే పెంచుతున్న అని అసలే చెప్పలే! వాళ్ల బాపుకు మాత్రం చెప్పింది. బాపు, బిడ్డ ఎప్పటికి ఒక్కటే పార్టీ.

ఇగ గా శుక్రవారం ముచ్చట. స్రవంతి కాలేజిల పనుందని గురువారమే పోయింది, శనివారం పొద్దుగూకె వరకు వస్త అన్నది. నేను పొద్దుగాల్నే ఇద్దరు ఆశా చెల్లెండ్లను ఎంబడి పెట్టుకొని బయలెల్లిన. బయలెల్లేది సక్కగ బయలెల్లక, "ముందు మా ఇంటికెల్లి మొదలువెడుదాం. మన ఇల్లు చూసుకోకుంట ఊరోళ్లకు ఏం చెప్తం?" అని పెద్ద లీడర్ లెక్క మాట్లాడిన.

డాబా ఎక్కినం. రూమ్ కు తాళమున్నది, బయట రేకుల నీడకు రెండు ప్లాస్టిక్ ట్రేలు. మీద దోమతెర ముక్క కప్పున్నది. తెర లేపి చూస్తె ఏముంది, లార్వా! ఒకటా రెండా, కుప్పలు! నీళ్ల మీద అడ్డంగ పండుకొని మంచిగ తేలుతున్నయి. అడ్డంగ పండుకుంటె అవి మలేరియా దోమ పిల్లలు, తలకిందులు వేలాడితె బోదకాలు తెచ్చే దోమయి. గది నాకు నిద్రల లేపి అడిగినా చెప్త. ఏఎన్ఎం ఇంటి మీద మలేరియా దోమలు! నా పరువు గంగల కలిసింది. ఆశా చెల్లెలు ఒకామె నోటికి కొంగు అడ్డంపెట్టుకొని నవ్వుతున్నది. నాకు కోపం నెత్తికెక్కింది.

"చూడున్రి, తప్పు ఎవ్వలదైనా తప్పే!" అని రెండు ట్రేలు ఒకటెన్క ఒకటి ఎండల బోర్లేసిన. ఊకుంటినా? బ్లీచింగ్ పౌడర్ వేసి బ్రష్ తోని రుద్దిన. అద్దం లెక్క మెరిసినయి. చెల్లెండ్లు చప్పట్లు గొట్టిన్రు. ట్రేలు పట్టుకొని నేను మెట్లు దిగుతుంటె ఛాతి ఇంత పొంగింది.

పగటీలి మా ఆయన బువ్వకొచ్చిండు. కాళ్లు చేతులు కడుక్కొని కూసున్నడు. డాబా మీది ట్రేలు పెరట్ల ఎండకు ఆనిచ్చి ఉంటె చూసిండు.

"ఏందే, గవి గక్కడెందుకున్నయి?"

"లార్వా వడ్డది. పారబోసిన."

ముద్ద నోటి కాడ ఆగింది. "మొత్తమా?"

"ఒక్కటన్న మిగలనిస్తనా? బ్లీచింగ్ గూడ వేసిన."

ముద్ద పళ్లెంల పెట్టిండు. పెండ్లైనకాడికెల్లి గా మనిషి బువ్వ మధ్యల ఆపింది అదే మొదటిసారి. "ఓసి నీ... అవి వడ్డయి గాదే! బిడ్డ పెంచినయి! గదే దాని ప్రాజెక్టు!"

అప్పుడు చెప్పిండు మొత్తం. మలేరియా ఉన్నోళ్ల రక్తం దోమ తాగినంతనే ఇంకొకలకు మలేరియా అంటుకోదంట. రక్తం ఎంబడి పోయిన క్రిమి దోమ కడుపుల బతకాలె, కడుపు గోడ దాటాలె, పెరిగి దాని ఉమ్మి దాంక పోవాలె. అప్పుడు కుడితెనే మనకొస్తది. అయితె దోమ కడుపుల ముందుగాల్నే ఉన్న బ్యాక్టీరియా గా క్రిమికి కొన్ని తావుల అడ్డం పడతదంట, కొన్ని తావుల తోవ ఇస్తదంట. స్రవంతి చేసేదేంది? కొన్ని దోమలకు ఉత్త చక్కెర నీళ్లు, కొన్నిటికి యాంటీబయాటిక్ కలిపిన చక్కెర నీళ్లు పెట్టి, కడుపులల్ల బ్యాక్టీరియా ఏదున్నది, ఎంతున్నది చూసుడు. గీ దోమలు ఎవ్వల రక్తం తాగలే, వాటికి మలేరియా లేదు. గది చెప్పి నన్ను ఊకోబెట్టిండు.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్న.

"చెప్తె ఏం చేద్దువు?"

"పారబోద్దును!"

"మరి?" అన్నడు.

అసలు పరేషాన్ అప్పుడు మొదలైంది. బిడ్డ ఒకసారి చేసి చూసిందంట, మంచిగ వచ్చిందంట. రెండోసారి గూడ చేస్తెనే గైడ్ మేడం సంతకం పెడతది. వైవాకు ఇరవై దినాలే ఉన్నది. ఇప్పుడు గుడ్ల కాడికెల్లి మొదలువెడితె టైం చాలదు. ప్రాజెక్టు లేకుంటె పాస్ గాదు, ఏడాది మొత్తం పోయినట్టే! పదిహేనేండ్లు దోమలను చంపిన, ఒక్కనాడు బాధ కాలే. గా దినం మాత్రం డాబా మీద నిలబడి ఎండిపోయిన గచ్చును చూసి ఏడ్చిన. నిజం, సచ్చిన దోమ పిల్లల కోసం ఏడ్చిన.

"ఏడిస్తె పుడతయా? నడువు, దొరకవడదాం" అని మా ఆయన స్కూటీ తీసిండు. నేను ఒక డబ్బ, పెద్ద గంటె పట్టుకొని ఎన్క కూసున్న.

మొదటిసారి బిడ్డ లార్వా తెచ్చింది మా వాడ చివర కడుతున్న కొత్తింటి సంపుల కెల్లి. సీద గక్కడికే పోయినం. సంపుల చుక్క నీళ్లు లేవు. పోయిన వారం లొల్లి చేసి దాన్ని ఎండబెట్టించింది ఎవ్వలనుకున్నరు? నేనే! మా ఆయన సంపులకు తొంగి చూసి, "పని మాత్రం సక్కగ చేస్తవు" అన్నడు.

సరె, ఊళ్లె ఇండ్లు లేవా అని వాడల పడ్డం. మొదటి ఇంటికాడ ఆగి, "అక్కా, మీ గోలెంల లార్వా ఏమన్న ఉన్నదా?" అన్న. గా అక్క మొఖం తెల్లగైంది. "అయ్యో సిస్టరమ్మా, ఒట్టు! నిన్ననే కడిగిన!" అనుకుంటనే గోలెం నా ముంగటనే బోర్లేసింది. అందుల ఉన్నయో లేవో చూసే లోపటనే నీళ్లు మోరి పాలు! "వద్దక్కా, ఆగు!" అంటె ఇంకా బెదిరింది. పక్కింటామె మమ్మల్ని చూసి డ్రమ్ము పక్కకు పడేసింది. ఆ ఎన్కింట్ల ముసలవ్వ తాగే కడవ గూడ గుమ్మరిచ్చింది.

"అవ్వా, నాకు లార్వా కావాలె! ఉంటె ఇయ్యున్రి, నేనేమి అన!" అని చేతులు జోడించిన.

"గట్లనే అంటవు బిడ్డా, దొరికినంక ఫోటో తీస్తవు" అన్నది అవ్వ.

ఇగ మేం ఏ గల్లిల మలిగితె ఆ గల్లిల దడేల్ దడేల్ మని చప్పుడు! మాకంటె ముందు ఫోన్లు పోతున్నయి. "సిస్టరమ్మ వస్తున్నది, ఇయ్యాల రెండోసారి వస్తున్నది!" అని. మూడు గంటలు తిరిగినం. బాన్సువాడల గా దినం నీళ్లు నిలిచిన తావు ఒక్కటన్న ఉంటె నా పేరు మార్చుకుంట. వేరె రోజైతె సంబురంతోని మిఠాయి పంచుదును! గా దినం నడి బజార్ల నిలబడి, "దేవుడా, ఒక్క శుభ్రత లేని ఇల్లు చూపెట్టు" అని మొక్కిన. మా ఆయన నా దిక్కు చూడలే, భుజాలు మాత్రం ఊగుతున్నయి. నవ్వుతున్నడు మనిషి!

అప్పుడు యాదికొచ్చింది, బీర్కూర్ తొవ్వల కాలువ కింద క్యాంపు. ఎన్నడో ఆంధ్ర కెల్లి వచ్చి పొలాలు చేస్కొని స్థిరపడ్డోళ్లు అక్కడుంటరు. అండ్ల సత్యవతి గారని ఒకామె, బర్లున్నయి, ఇంటి ముంగట పెద్ద సిమెంటు తొట్టి. పోయిన వానకాలం గా తొట్టిల లార్వా దొరికితె నేను ఆమెను అందరి ముంగట గట్టిగనే అన్న. ఆమె కాడ మాత్రం తప్పకుంట ఉంటయి అనుకున్న.

స్కూటీ గేటు కాడ ఆగంగనే సత్యవతి గారు నవ్వుకుంట ఎదురొచ్చింది.

"రండి రండి సిస్టర్ గారూ! మీరు కాలవ గట్టు మీద కనపడగానే మా కోడలు కేకేసిందండీ. తొట్టి పూర్తిగా తోడేశాం. ఒక్క చుక్క లేదు, చూసుకోండి!"

తొట్టి తడి ఇంకా ఆరలే. నేను గేటు పట్టుకొని గక్కడనే కూలవడ్డ.

"అయ్యో, ఏమైందండీ? మంచినీళ్లు తెమ్మంటారా?"

"నీళ్లొద్దు సత్యవతి గారు, దోమ పిల్లలు గావాలె" అని మొత్తం చెప్పుకున్న. సిగ్గు విడిచి చెప్పుకున్న. ఆమె మొదలు నమ్మలే, తర్వాత నవ్వు ఆపుకోలేకపాయె. కొంగుతోని కండ్లు తుడుచుకొని, "పోయినేడాది నన్ను అన్ని మాటలన్నారు కదా! ఇప్పుడు మీరొచ్చి నన్ను దోమలడుగుతున్నారా!" అన్నది.

"తప్పైంది, మాఫ్ చెయ్యున్రి."

"తప్పు సంగతి తర్వాతండీ. ముందు తొట్టి నింపండి. సాయంత్రం బర్రెలు వచ్చేసరికి నీళ్లుండాలి. మిమ్మల్ని చూసే కదా తోడాం."

కరెంటు లేదు, మోటర్ నడువదు. చేతిపంపు కొట్టి బకీట్ల కొద్ది నీళ్లు మోసిన. చీర మోకాళ్ల దాంక తడిసింది. మా ఆయన మోస్తనంటె సత్యవతి గారు ఒప్పుకోలే, "మీరు కూర్చోండి బావగారూ, మజ్జిగ తాగండి" అన్నది. ఆయన నిజంగనే కూసున్నడు, నిజంగనే తాగిండు! తొట్టి నిండినంక ఆమె నా చెయ్యి పట్టుకొని పొలం గట్టు మీదికి తోల్కవోయింది.

యాసంగి నాట్లు పడి పొలం నిండ నీళ్లున్నయి. వంగి చూసిన. వరి మొదళ్ల నడుమ, నీళ్ల మీద అడ్డంగ పండుకొని తేలుతున్నయి నా బంగారు కొండలు! "ఉన్నయే, ఉన్నయే!" అని ఒర్లిన. పక్క పొలంల కలుపు తీస్తున్నోళ్లు లేచి చూసిన్రు. గంటెతోని ఒక్కొక్కటి ముంచి డబ్బల పోసిన. నడుము పడిపోయింది గని పానం సల్లబడ్డది. ఇంటికి పోయి ట్రేలు పదిసార్లు కడిగి, బ్లీచింగ్ వాసన పోయినంకనే నీళ్లతో సహ పోసి తెర కప్పిన.

శనివారం స్రవంతి వచ్చి చూసుకొని, "బాపూ, మస్తు చూసుకున్నవు!" అని వాళ్ల నాయిన మెడకు చుట్టుకున్నది. ఆయన నా దిక్కు చూసిండు, నేను పప్పుల పోపు దిక్కు చూసిన. నాకు తెల్వకుంట అది దోమలు పెంచింది, దానికి తెల్వకుంట నేను మార్చిన, లెక్క సరి అనుకున్న. ఏం ఫికర్ లేదనుకున్న.

పది పన్నెండు దినాలైనయి. లార్వా దోమలైనయి, చక్కెర నీళ్లు తాగినయి, డబ్బలల్ల బస్సెక్కి నిజామాబాద్ పోయినయి. అక్కడ ల్యాబుల కడుపులు తీసి, బ్యాక్టీరియా చుక్కలు చుక్కలుగ పెరిగే ప్లేట్లల్ల పెట్టిన్రు. రెండు దినాలకు స్రవంతి ఇంటికొచ్చింది. మొఖం వాడిపోయున్నది. సంచి మూలకు ఇసిరి ఏడ్చుడు మొదలువెట్టింది.

"అంత ఖరాబైంది బాపూ! మొదటిసారి తెల్ల చుక్కలొచ్చినయి, ఇప్పుడు కుంకుమ లెక్క ఎర్ర చుక్కలొచ్చినయి. మురికి తాకిందేమో అని మేడం అన్నది. కని మురికైతె మందు తాగిన దోమల ప్లేట్ల గూడ రావాలె గదా? అందుల ఒక్కటి రాలే. అంటె ఎరుపు దోమ కడుపులదే!" అని టక్కున ఏడ్పు ఆపింది. ఆలోచన చేస్తున్నది. నాకు భయమైంది. "దోమకు కడుపుల బ్యాక్టీరియా ఎక్వ అది పుట్టిన నీళ్ల కెల్లే వస్తది. నీళ్లు మారితెనే బ్యాక్టీరియా మారాలె. బాపూ... ఇవి సంపుల దోమలేనా?"

వంకాయ తరుగుతున్న కత్తిపీట మీద నా చెయ్యి ఆగింది. ఇన్నేండ్లల్ల నేనాడిన అబద్ధం ఒక్కటన్న మా ఆయన పట్టలే, దోమ కడుపు పట్టింది!

"నేనే బిడ్డా" అన్న. మొత్తం చెప్పిన. డాబా, బ్లీచింగ్, సత్యవతి గారి తొట్టి, అన్ని. అది తిడ్తదనుకున్న. తిట్టింది గూడ. "నువ్వు చెప్పకుంటె నేను సంపు దోమలనే రాసిద్దునమ్మా! మొత్తం తప్పు రాసి సంతకం పెడుదును!" అన్నది. గా మాట నాకు బ్లీచింగ్ కంటె ఎక్వ మండింది. తలకాయ వంచుకున్న.

అది కండ్లు తుడుచుకొని, "గా పొలం ఏడుంది? కచ్చితంగ ఏ మడి?" అన్నది. తెల్లారంగనే ముగ్గురం క్యాంపుకు పోయినం. మడి నీళ్లు సీసలల్ల పట్టింది, గక్కడి దోమలను పట్టింది. ల్యాబుల పెట్టింది. మళ్ల ఎరుపే! నీళ్లల్ల ఎరుపు, దోమ కడుపుల ఎరుపు. గైడ్ మేడం రెక్కల మీది మచ్చలు చూసి సంపు దోమ, పొలం దోమ రెండు ఒక్క జాతే అన్నది. ఒక్కటే జాతి దోమ, నీళ్లు మారితె కడుపు మారింది! ఇంకొక మాట గూడ అన్నదంట. గీ ఎర్ర బ్యాక్టీరియా చుట్టాలల్ల కొన్ని రకాలు మలేరియా క్రిమిని దోమ కడుపులనే ఆపేస్తయి, ముందుకు పోనియ్యవు. మన మడిల ఉన్నది గా రకమా కాదా పెద్ద ల్యాబుల చూస్తె గాని తెల్వదు, పంపుదాం, నువ్వే చూద్దువు అన్నదంట. స్రవంతి ఫోన్ల చెప్తుంటె దాని గొంతు ఎగురుతున్నది. నేను ఇక్కడ ఎగిరిన.

వైవాకు ఇంటోళ్లు గూడ రావచ్చన్నరు. పట్టుచీర కట్టుకొని పోయి ఎన్క బెంచిల కూసున్న. స్రవంతి అన్ని నిజమే చెప్పింది, మొదటి ట్రేలు పారబోసుడు గూడ దాచలే. హైదరాబాద్ కెల్లి వచ్చిన పెద్ద సారు కండ్లద్దాలు తీసి, "మీ అమ్మ వచ్చిందా?" అని అడిగిండు. లేచి నిలబడ్డ.

"అమ్మా, మొత్తం ప్రాజెక్టుల మంచి పని గీ రెండో సైటే. ఊరంత వదిలిపెట్టి సరిగ్గ గా పొలమే ఎట్ల ఎంచుకున్నవు? సైంటిఫిక్ గ ఏమన్న పద్ధతి ఉన్నదా?"

హాల్ మొత్తం నా దిక్కు తిరిగింది. బిడ్డ నన్ను చూస్తున్నది. ఏదన్న పెద్ద ఇంగ్లీష్ మాట చెప్తె బాగుండు అనిపించింది, కని ఒక్కటి రాలే.

"పద్ధతేముంది సార్! నన్ను చూస్తె మా బాన్సువాడల గోలెం బోర్లేస్తరు, డ్రమ్ము బోర్లేస్తరు, తాగే కడవ గూడ బోర్లేస్తరు. ఎవ్వల తోని బోర్లేయరానిది గా పొలమొక్కటే మిగిలింది!"